తోడు గీత

పోయిన నెలలో ఒక రాత్రి నిద్ర పట్టక ఫోన్ చూస్తుంటే ఒక ఖగోళ శాస్త్రవేత్త గురించి రాసిన చిన్న పరిచయం కంటపడింది. దూర గెలాక్సీల మీద ఏళ్ళ తరబడి పని చేశారట. ఏ టెలిస్కోపులు వాడారు, ఎన్ని పేపర్లు రాశారు, ఏ కమిటీల్లో ఉన్నారు, అన్నీ వరసగా రాసుకొచ్చి ఆఖరి వాక్యంలో "విద్యార్థులను తీర్చిదిద్దడంలోనూ ఎంతో శ్రద్ధ చూపారు" అని ముగించారు. విస్తరిలో అన్నీ వడ్డించాక, ఉంటే వేద్దాం లేకపోతే లేదన్నట్టు చివర్లో వేసే అప్పడం ముక్కలా ఉంది ఆ వాక్యం. ఆ "లోనూ" దగ్గర నాకు కాలికి రాయి తగిలినట్టయింది.

హనుమకొండలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో పదహారేళ్ళుగా ఫిజిక్స్ చెబుతున్నాను. నేను శాస్త్రవేత్తను కాను, ఒక్క పేపరూ రాయలేదు. ఈ విషయం మీద మాట్లాడే అర్హత నీకుందా అంటే లేదనే చెప్తాను. కానీ ఆ "లోనూ"కి అవతలి వైపు, అంటే ఎవరైనా పట్టించుకుంటారేమో అని పిల్లలు ఎదురుచూసే వైపు, నా ఉద్యోగమంతా గడిచింది. అసలు తీర్చిదిద్దడం అన్న మాటే నాకు నచ్చదు. ముగ్గును తీర్చిదిద్దుతారు. ముగ్గుకి సొంత బుర్ర ఉండదు కాబట్టి సరిపోతుంది.

నా గోల ఒక్కటే. తను చేసే అసలు పనిలోంచి ఒక ముక్క తీసి, పాడైతే పాడైంది అనుకుని ఇంకొకరి చేతిలో పెట్టి, అది పాడవుతున్నప్పుడు పక్కన కూర్చోవడం, నా దృష్టిలో ఇదీ శిష్యుల్ని తయారుచేయడమంటే. మిగతాదంతా ఉపన్యాసం. మా జిల్లాల్లో ఉపన్యాసానికి కరువు లేదు. పని చేతిలో పెట్టేవాళ్ళకే కరువు.

శాలువాలు

2020 ఫిబ్రవరి 28. కరోనా ముంచుకురావడానికి నెల కూడా లేదు, మాకది తెలీదు. సైన్స్ డే అని, పెద్ద చదువులు చదివి బయట స్థిరపడ్డ ఒకాయన్ని కాలేజీకి పిలిచాం. మంచి మనిషే. గంటన్నర మాట్లాడాడు. కలలు కనాలన్నాడు, పల్లెటూరి నుంచి వచ్చి తానెట్లా పైకొచ్చాడో చెప్పాడు, వీధి దీపం కింద చదువుకున్నానన్నాడు. (వీధి దీపం కింద చదవని ముఖ్య అతిథిని నేనింతవరకు చూడలేదు. ఆ తరం మొత్తం వీధుల్లోనే కూర్చుని చదివితే ఇళ్ళల్లో ఎవరున్నారో మరి.) పిల్లలు చప్పట్లు కొట్టారు. ప్రశ్నలుంటే అడగమన్నాం.

వెనక వరసలోంచి ఒకమ్మాయి లేచింది. సెకండియర్ ఎంపీసీ, పరకాల వైపు ఊరు, హాస్టల్లో ఉండేది. "సార్, మీరు పొద్దుగాల ఆఫీసుకు వొయ్యి కూసున్నంక ఫస్టు ఏం జేస్తరు సార్?" అని అడిగింది.

హాలంతా నవ్వు. ఆయనా నవ్వి, "హార్డ్ వర్క్ చేస్తానమ్మా" అన్నాడు. మళ్ళీ చప్పట్లు. శాలువా కప్పాం, మెమెంటో ఇచ్చాం, ఫొటోలు దిగాం, సమోసాలు తిన్నాం.

ఆ రోజంతటిలో అడగదగ్గ ప్రశ్న అదొక్కటే అని నాకు ఇంటికొచ్చాక గాని తట్టలేదు. "పొద్దున్నే కంప్యూటర్ తెరిచి, రాత్రి నడవమని వదిలేసిన ప్రోగ్రాం ఎక్కడ ఆగిపోయిందో చూసుకుంటా, సగం రోజులు అది మధ్యలోనే ఆగిపోయి ఉంటది" అని చెప్పినా చాలు, ఆ పిల్లకి ఒక మనిషి పని ఎట్లా ఉంటుందో కంటికి కట్టేది. బీఎస్సీ అయ్యాక జామ్ రాస్తే ఐఐటీలో ఎమ్మెస్సీ చేయొచ్చని, ఆ తర్వాత పరిశోధనకు జెస్ట్ అని ఇంకో పరీక్ష ఉందని, పుణెలో అయూకా అని మన యూనివర్సిటీల వాళ్ళ కోసమే పెట్టిన ఖగోళ పరిశోధన సంస్థ ఉందని ఎవరూ చెప్పలేదు. ఎవరూ అంటే నేనూ చెప్పలేదు. అప్పటికి పదేళ్ళుగా ఆ కాలేజీలోనే ఉన్నాను.

ఆ అయూకాను నిలబెట్టిన జయంత్ నార్లీకర్ 2025 మే నెలలో పోయినప్పుడు చాలామంది ఆయన పోస్టుకార్డుల సంగతి గుర్తు చేసుకున్నారు. పిల్లలు ఆటోగ్రాఫ్ అడిగితే పెట్టేవాడు కాదట. ఒక పోస్టుకార్డు మీద ఏదైనా సైన్స్ ప్రశ్న రాసి పంపు, జవాబు రాసి కింద సంతకం చేసి పంపుతా అనేవాడు. నాకిది ఆయన విశ్వం సిద్ధాంతాలన్నిటికంటే ఎక్కువ నచ్చింది (ఆ సిద్ధాంతాలతో ఎక్కువమంది ఒప్పుకోలేదు, అది వేరే కథ). కార్డు ఖర్చు పైసల్లో. కానీ సంతకం కావాలంటే పిల్లవాడు ముందు కూర్చుని ఒక ప్రశ్న పుట్టించాలి, అక్కడే సగం పని అయిపోయింది. మేము చేసిందేమో సరిగ్గా దానికి తలకిందులు: ప్రశ్న పుట్టిన పిల్లను నవ్వి కూర్చోబెట్టాం.

గైడు

ఈ సంబంధానికి మన భాషలో సరైన మాట దొరకదు నాకు. గురువు అంటే మరీ ఎత్తు, కాళ్ళు మొక్కాలి, ఎదురు ప్రశ్న వేయకూడదు. గైడ్ అంటే మరీ కింద, మా దగ్గర గైడు అంటే పరీక్షకు పది రోజుల ముందు కొనే ముఖ్య ప్రశ్నల పుస్తకం. పీహెచ్‌డీ గైడ్‌కీ ఆ పుస్తకానికీ ఒకటే పేరు పెట్టుకోవడంలో ఏదో నిజం ఉందని నాకు అనుమానం.

నా ఎమ్మెస్సీ ప్రాజెక్టుకి ఒక గైడ్ ఉండేవాడు. ఆ సంవత్సరం మొత్తంలో ఆయన నన్ను అడిగినవి రెండే ప్రశ్నలు. మొదటిది, బ్యాంకులో డీడీ తీసుకురాగలవా అని. రెండోది, సబ్మిషన్ రోజు, "బైండింగ్ నల్లదా, బ్లూదా?" నలభై పేజీల్లో పదకొండో పేజీలో ఒక సమీకరణం తప్పు రాశాను. అది తప్పని నాకే నాలుగేళ్ళ తర్వాత, క్లాసులో చెబుతుంటే తెలిసింది. ఆ పేజీ మీద ఆయన సంతకం ఉంది.

మరి మంచి గైడ్ ఎట్లా ఉంటాడు అంటే, నేను చూసిన ఉదాహరణ సైన్స్‌ది కాదు. మాది కొత్తవాడ. బాపు జంపఖానాలు నేసేవాడు. నాకు ఎనిమిదేళ్ళప్పుడు అవ్వ కండెలు చుట్టడం నేర్పింది. ఒక రోజు బాపు నన్ను మగ్గం మీద కూర్చోబెట్టి, నాడె నా చేతికిచ్చి, "ఏసి సూడు" అన్నాడు. పాత గుడ్డ మీద కాదు, మర్నాడు సేటుకి ఇవ్వాల్సిన సరుకు మీద. ఒక జానెడు నేశాను. అంచు పాము మెలికలు తిరిగినట్టు వచ్చింది. బాపు చూస్తూనే ఉన్నాడు, మధ్యలో ఆపలేదు. సేటు ఆ జంపఖానా తీసుకోలేదు. దాని కూలి పోయింది. అది ఇప్పటికీ మా ఇంట్లో మంచం మీద ఉంది, ఆ వంకర వైపు గోడకేసి పరుస్తాం.

ఖగోళ శాస్త్రవేత్త వేణు బప్పు కథ చదివినప్పుడు నాకు ఆ మగ్గమే గుర్తొచ్చింది. ఆయన తండ్రి హైదరాబాదులో నిజామియా అబ్జర్వేటరీలో పని చేసేవాడు. పిల్లవాడు టెలిస్కోపుల మధ్య పెరిగాడు, హైదరాబాదు ప్రభుత్వ స్కాలర్‌షిప్ మీద హార్వర్డ్ వెళ్ళి 1949లో ఒక తోకచుక్కను కనిపెట్టాడు. ఆ తోకచుక్క పేరు బప్పు-బాక్-న్యూకిర్క్. ఆ మధ్యలో ఉన్న బాక్ అక్కడి ప్రొఫెసర్. తర్వాత తిరిగొచ్చి కావలూరు అబ్జర్వేటరీ కట్టించాడు. గొప్ప జీవితమే, సందేహం లేదు. కానీ చదువుతున్నంతసేపూ నన్నొకటి పీకుతూనే ఉంది. నేతగాడి కొడుక్కి మగ్గం ఇంట్లోనే ఉంటుంది, అబ్జర్వేటరీ ఉద్యోగి కొడుక్కి టెలిస్కోపు అందుబాటులో ఉంటుంది, మరి పత్తి రైతు కూతురికి టెలిస్కోపు ఎక్కడినుంచి వస్తుంది? బాపు ఇంట్లో నాకు చేసింది బయట ఎవరో ఒకరు ఆమెకి చేయాలి. అది "లోనూ" ఎట్లా అవుతుంది?

సూర్యుడంత పాత వెలుగు

లాక్‌డౌన్‌లో ఆన్‌లైన్ క్లాసులు మొదలయ్యాయి. ఆ పరకాల అమ్మాయి ఇంటికి వెళ్ళిపోయింది. సిగ్నల్ కోసం డాబా ఎక్కి క్లాసు వినేది, మధ్యలో గేదె అరుపులు మాకూ వినిపించేవి. ఒకరోజు క్లాసయ్యాక మెసేజ్ పెట్టింది: "సార్ రెడ్ షిఫ్ట్ అంటే బుక్కుల రెండు లైన్లే ఉంది." విశ్వం వ్యాకోచిస్తున్న కొద్దీ దూర గెలాక్సీల వెలుగు దారిలో సాగి, అందులోని గీతలు ఎర్ర వైపు జరుగుతాయి, అదే రెడ్ షిఫ్ట్. ఎంత ఎక్కువ జరిగితే గెలాక్సీ అంత దూరం.

అంతకుముందైతే ఇంకో నాలుగు లైన్లు టైప్ చేసి పంపేవాణ్ణి. సైన్స్ డే నాటి సిగ్గు ఇంకా ఉందేమో, ఆ రోజు వేరేగా అనిపించింది. స్లోన్ సర్వే అని అమెరికాలో న్యూ మెక్సికో కొండల మీది టెలిస్కోపుతో లక్షల గెలాక్సీల వెలుగును విడగొట్టి, ఆ వర్ణపటాలన్నీ ఎవరైనా చూసుకోమని ఇంటర్నెట్‌లో పెట్టేశారు. అందులోంచి ఒక గెలాక్సీ తీసి, జవాబు కనిపించకుండా దాని వర్ణపటం బొమ్మ మాత్రం కత్తిరించి పంపాను. ఒక్కో మూలకం వెలుగులో వేసే గుర్తుల్లాంటి కొన్ని గీతల అసలు కొలతలు (తరంగం పొడవులు) రాసిచ్చాను: హైడ్రోజన్ ఎర్ర గీత 6563 ఆంగ్‌స్ట్రాములు, హైడ్రోజన్‌దే ఇంకొకటి 4861, ఆక్సిజన్‌వి 4959, 5007. ఈ గెలాక్సీ ఎంత దూరమో నువ్వే చెప్పు అన్నాను. కొత్తగా నక్షత్రాలు పుడుతున్న గెలాక్సీల్లో 5007 గీత బాగా పెద్దగా ఉంటుందని కూడా చెప్పాను. అది చెప్పకుండా ఉండాల్సింది.

మూడు రోజులు. ప్రాక్టికల్ రికార్డులో మిగిలిన గ్రాఫు కాగితం మీద ఆ బొమ్మ మొత్తం గీసింది. 7220 దగ్గర ముల్లులా నిలబడ్డ ఒక పెద్ద గీత. దాన్ని 5007తో భాగించింది, 1.44 వచ్చింది. అందులోంచి ఒకటి తీసేస్తే రెడ్‌షిఫ్ట్ 0.44. ఆ వెలుగు బయల్దేరి 460, 470 కోట్ల ఏళ్ళయినట్టు లెక్క. "సార్, మన సూర్యుడు పుట్టినప్పుడు ఆడికెళ్ళి ఎల్లింది సార్ ఇది" అని వాయిస్ మెసేజ్ పెట్టింది, గొంతులో వణుకు తెలుస్తోంది. నేనూ వెరీ గుడ్ అని పెట్టాను. నేను జవాబు సరిచూసుకోలేదు. అంతకంటే ఘోరం, లెక్క సరిగ్గా ఉంది కదా అని తప్పు ఉండొచ్చన్న ఆలోచనే రాలేదు.

నాలుగో రోజు పొద్దున ఆరింటికి ఫోన్. "సార్, తోడు గీత లేదు."

ఆక్సిజన్ 5007 గీత ఒంటరిగా రాదు. పక్కన 4959 గీత ఉండి తీరాలి, అది కూడా దాదాపు మూడో వంతు ఎత్తులో. రెండూ పరమాణువులో ఒకే మెట్టు మీంచి కిందికి దూకేవే, కాబట్టి ఆ వాటా ఏ గెలాక్సీలోనూ మారదు. పెద్ద గీత నిజంగా ఆక్సిజన్‌దే అయితే చిన్నది 7150 దగ్గర కనిపించాలి. అక్కడ ఏమీ లేదు, చదునుగా ఉంది. "గందుకే రాత్రి మళ్ళ మొదటికెళ్ళి చూసిన సార్. అది హైడ్రోజన్ గీత అనుకుంటే 5350 కాడ ఇంకోటి ఉండాలె, ఉన్నది. ఆక్సిజన్‌ది 5510 కాడ ఉండాలె, ఉన్నది, దాని తోడుది సుత ఉన్నది. 0.1 సార్. 0.44 కాదు."

నేను బొమ్మ తీసి చూశాను. ఆమె చెప్పిందే నిజం. వెలుగు బయల్దేరి 130 కోట్ల ఏళ్ళు, అంతే. సూర్యుడి పుట్టుక కాదు. "జర బాధైంది సార్, దూరం తగ్గిపోయింది" అంది. నాకు మాత్రం ఉద్యోగంలో చేరాక అంత సంతోషం వేసిన పొద్దు ఇంకొకటి లేదు. ఆ సంతోషం చాలాసేపు నిలవలేదు కూడా, ఎందుకంటే నేను వెరీ గుడ్ అన్నానని ఆమె అక్కడే ఆగిపోయి ఉంటే ఏమయ్యేదో అని తర్వాత టెన్షన్ పట్టుకుంది. నా సంతకం కూడా తప్పు పేజీ మీద పడేదే.

కలపడం

అదే సంవత్సరం అక్టోబరులో ఆమె ఒక వార్త కత్తిరింపు పంపింది. పుణె దగ్గర జీఎంఆర్‌టీ రేడియో టెలిస్కోపుతో, దాదాపు 800 కోట్ల ఏళ్ళ కిందటి గెలాక్సీల్లో హైడ్రోజన్ వాయువు ఎంత ఉందో కొలిచారని. "7,653 గెలాక్సీలు కలిపినరంట సార్. కలుపుడంటే ఏంది?"

నాకూ తెలీదు. ఈసారి తెలీదనే చెప్పాను, ఇద్దరం చదవడం మొదలుపెట్టాం. హైడ్రోజన్ పరమాణువు 21 సెంటీమీటర్ల రేడియో తరంగం పంపుతుంది. అంత దూరంనుంచి వచ్చేసరికి సాగి సాగి 42 దగ్గర పడుతుంది, దానికితోడు ఎంత సన్నగిల్లుతుందంటే ఒక్క గెలాక్సీది విడిగా వినపడనే వినపడదు. కానీ ప్రతి గెలాక్సీ తరంగం ఎక్కడ పడాలో ముందే తెలిస్తే, ఆ చోటు ఆ చోటు కోసి తెచ్చి, ఒకదాని మీద ఒకటి పేర్చవచ్చు. అక్కర్లేని రేడియో గోలంతా ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుంది, అసలు సంకేతం పేరుకుంటుంది. తేలిందేమిటంటే ఆ గెలాక్సీల్లో వాయువు చాలానే ఉంది, కానీ అవి నక్షత్రాలను పుట్టిస్తున్న వేగానికి ఆ నిల్వ 100, 200 కోట్ల ఏళ్ళలో ఖాళీ. తర్వాతి కాలంలో నక్షత్రాల పుట్టుక ఎందుకు మందగించిందో దాంతో అర్థమవుతుంది. ఆ పేపర్లో మొదటి పేరు ఒక పీహెచ్‌డీ విద్యార్థిది, ఆదిత్య చౌధురి. గైడ్‌ల పేర్లు వెనక ఉన్నాయి.

"ఎక్కడ పడాలో ముందే" ఎవరు చెప్పారు? అక్కడినుంచి నాకు తీగ దొరికింది. ఆ గెలాక్సీల రెడ్‌షిఫ్టులన్నీ డీప్-2 అనే సర్వేవి. హవాయిలోని కెక్ టెలిస్కోపుతో దాదాపు 50,000 గెలాక్సీల వర్ణపటాలు తీసి అందరికీ ఇచ్చేశారు. దాన్ని నడిపినవాళ్ళలో ఒకరు సాండ్రా ఫేబర్. గెలాక్సీల గురించి చదివిన ఎవరికైనా ఫేబర్-జాక్సన్ సంబంధం తెలుసు: అండాకార గెలాక్సీలో నక్షత్రాలు ఎంత వేగంగా అటూ ఇటూ పరిగెడుతుంటే ఆ గెలాక్సీ అంత ప్రకాశంగా ఉంటుందని 1976లో చెప్పారు. నేనెప్పుడూ జాక్సన్ అంటే ఇంకో పెద్ద ప్రొఫెసర్ అనుకున్నాను. ఆయన ఆమె దగ్గర చదువుతున్న విద్యార్థి. యాభై ఏళ్ళుగా పుస్తకాల్లో ఆ రెండు పేర్లూ పక్కపక్కనే ఉన్నాయి.

ఆ ఫేబర్ పీహెచ్‌డీ రోజుల్లో కొంతకాలం వాషింగ్టన్‌లో వీరా రూబిన్ ఉన్న చోట పని చేసింది. రూబిన్ అందరికీ తెలిసిన మనిషే, ఆండ్రొమెడా గెలాక్సీ అంచుల్లోని వాయువు కూడా లోపలి దానంత వేగంగా తిరుగుతోందని కెంట్ ఫోర్డ్‌తో కలిసి 1970లో చూపించింది, కంటికి కనపడని పదార్థం ఉండి తీరాలని లోకం నమ్మడానికి దారి పడింది అక్కడే. నాకు ముఖ్యమైంది దానికి ఇరవై ఏళ్ళ ముందటి సంగతి. ప్రిన్స్‌టన్ ఆమెకి దరఖాస్తు వివరాలు కూడా పంపలేదు, ఆడవాళ్ళను ఖగోళశాస్త్రంలో చేర్చుకోరని. (1975 దాకా చేర్చుకోలేదు.) చంటి పిల్లల్ని అమ్మానాన్నల దగ్గర వదిలి, కారు నడపడం రాక భర్త దింపితే, రాత్రి క్లాసులకు జార్జ్‌టౌన్ వెళ్ళేది. అప్పుడు జార్జ్ గామోవ్ అనే భౌతిక శాస్త్రవేత్త ఆమెకి ఒక ప్రశ్న ఇచ్చాడు. గెలాక్సీలు వడ్లు చల్లినట్టు ఎక్కడబడితే అక్కడ ఉన్నాయా, లేక ఏదో ఒక కొలతలో గుంపులు కట్టాయా? అంతే. 1954లో ఆమె పీహెచ్‌డీ ఆ ప్రశ్నకు జవాబు: గుంపులు కట్టాయి. చాలా ఏళ్ళు ఎవరూ పట్టించుకోలేదు.

గామోవ్‌కి ఆ ప్రశ్న మీద తనే పేపర్ రాసుకునే సత్తా ఉంది. రాసుకోకుండా ఇచ్చాడు, సేటుకి పోవాల్సిన సరుకు మీద నాడె వేయనిచ్చినట్టు. రూబిన్ తర్వాత ఎన్నేళ్ళొచ్చినా సదస్సుల జాబితాల్లో ఆడవాళ్ళు లేకపోతే అడిగేదట, చిన్నవాళ్ళ వెంట నిలబడేదట. ఇది మంచితనం అని ఒక పక్కన పెట్టేస్తే పుణె పేపర్ దాకా వచ్చిన తీగ తెగిపోతుంది. ఆమె గెలాక్సీల పరిశోధనా, మనుషుల్ని పట్టించుకోవడమూ రెండు వేరువేరు పద్దులు కావు, ఒకే పని.

తెగిన పోగులు

ఇంతవరకు రాసి రెండు రోజులు పక్కన పెట్టాను, ఎందుకంటే నాకే నమ్మకం కుదరలేదు.

గామోవ్ నుంచి పుణె దాకా పోగు నేను వెనక్కి వెళ్ళి ఏరుకున్నది. ముందు నుంచి చూస్తే అట్లా ఉండదు. ప్రశ్నలు అందుకుని ఎటూ వెళ్ళలేకపోయిన వాళ్ళ పేర్లు ఏ పుస్తకంలోనూ లేవు, వాళ్ళెంతమందో లెక్క ఎవరు రాస్తారు? ఇంకో సంగతి, పని ఇవ్వడం అనేది చాకిరీ చేయించుకోవడానికి ఎంత దగ్గరో రీసెర్చ్ చేసిన ఎవరిని అడిగినా చెప్తారు. డీడీలు తేవడం సరే, అసలు ఆవిష్కరణే ఒకరిది, బహుమతి ఇంకొకరిది కావచ్చు. 1967లో పల్సార్ (గడియారం కొట్టినట్టు లెక్కగా రేడియో స్పందనలు పంపే నక్షత్రం) సంకేతాన్ని చార్టు కాగితం మీద మొదట పట్టుకున్నది విద్యార్థిని జోసెలిన్ బెల్, 1974లో నోబెల్ వచ్చింది ఆమె గైడ్ హ్యూయిష్‌కి, ఇంకొకాయనకి. ఆమెకి 2018లో 30 లక్షల డాలర్ల వేరే బహుమతి వస్తే, అవకాశాలు తక్కువున్న పిల్లల పీహెచ్‌డీల కోసం మొత్తం ఇచ్చేసింది. అంటే హ్యూయిష్ కూడా నేను చెప్పిన పనే చేశాడు, అసలు పని చేతిలో పెట్టాడు. కాబట్టి నా నిర్వచనంలో ఒక తొర్ర ఉంది. పని ఎవరి చేతిలో పెట్టామన్నది సగమే, చివర్లో పేరు ఎవరిది ఉంటుందన్నది మిగతా సగం. ఫేబర్ పక్కన జాక్సన్ ఉండటం అందుకే నాకు చిన్న విషయం కాదు.

టైం సంగతి కూడా ఉంది. రీసెర్చ్‌లో ఉన్న మా క్లాస్‌మేట్ ఒకడికి ఇదంతా ఫోన్లో చెబితే, "నువ్వు చెప్పేది బాగానే ఉందిరా, మా దగ్గర ప్రమోషన్‌కి పేపర్లు లెక్కపెడతరు, స్టూడెంట్ పక్కన ఎన్ని గంటలు కూసున్నవని ఎవడూ అడగడు" అన్నాడు. దీనికి నా దగ్గర జవాబు లేదు. వాడు చెప్పింది నిజం.

నా బాపు సంగతి కూడా పూర్తిగా చెప్పలేదు. పదో తరగతి అయ్యాక ఆయన నన్ను మగ్గం మీద కూర్చోనివ్వలేదు. "గిది నేర్సుకోకు బిడ్డా, కడుపు నిండది" అన్నాడు. అంత ఓపికగా నేర్పినవాడే. పని నేర్పడం మంచిదే, కానీ ఆ పనికి రేపు ఉంటుందా అన్నది నేర్పేవాడి చేతిలో ఉండదు, అయినా ఆలోచించాల్సింది మాత్రం వాడే.

అమ్మాయి వాళ్ళ నాయన నన్ను ఇదే అడిగాడు. పత్తి అమ్ముకుందామని ఎనుమాముల మార్కెట్‌కి వచ్చి, అటునుంచి కాలేజీకి వచ్చాడు, భుజం మీద తువ్వాల మీద ఇంకా దూది పోగులున్నాయి. "సారూ, పిల్ల రాత్రి పూట సుక్కల లెక్కలు జేస్తాంది. గిది జేస్తె నౌకరి వస్తదా?"

"రాదే" అన్నాను. అబద్ధం చెప్పలేకపోయాను.

"మరెందుకు జేపిస్తున్నవ్ సారూ?"

ఏదో చెప్పాను. ఆలోచన పెరుగుతుంది, తప్పులు పట్టుకోవడం వస్తుంది, అట్లాంటివి. ఆయన ఓపిగ్గా విన్నాడు. "సరే, నష్టమైతె లేదు గద" అని లేచాడు. నష్టం లేదా? ఆ రాత్రులు కోచింగ్ పుస్తకాల మీద పెట్టి ఉంటే అన్న లెక్క ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు.

ఆమె జామ్ రాసింది. ర్యాంకు వచ్చింది గాని దూరం పంపడానికి ఇంట్లో ఒప్పుకోలేదు, నేను రెండుసార్లు వెళ్ళి మాట్లాడినా కాలేదు. తర్వాత గ్రూప్-4 కొట్టింది. ఇప్పుడు జూనియర్ అసిస్టెంట్, ఫైళ్ళు, పింఛన్ల కాగితాలు. ఇంట్లో అందరూ సంతోషంగా ఉన్నారు, ఆమె కూడా. ఆ చేతిలో నేను పెట్టిన ముక్క ఏమైందని నన్ను నేను అడుగుతుంటాను. ఆమెను మాత్రం అడగను, అడిగితే నా కోసం ఏదో మంచి మాట చెప్తుందని భయం.

2025 జూన్‌లో చిలీ కొండల మీద రూబిన్ పేరు పెట్టిన కొత్త అబ్జర్వేటరీ మొదటి బొమ్మలు వచ్చినప్పుడు, 3,200 మెగాపిక్సెళ్ళ కెమెరా కదా, ఫోన్లో ఎంత పెద్దది చేసినా ఇంకా గెలాక్సీలు వస్తూనే ఉన్నాయని ఆమే ముందు పంపింది. నేనొక ఎమోజీ పెట్టి ఊరుకున్నాను. ఈ వ్యాసం సగంలో ఉండగా మొన్న ఆదివారం ఇంకో మెసేజ్ వచ్చింది.

"సార్, మా సెక్షన్ మేడం కొడుకు ఇంటర్ చదువుతుండు. సుక్కలంటే ఇష్టమని ఊకె అడుగుతుంటె మన పాత గెలాక్సీ బొమ్మ ఇచ్చిన. గీతల కొలతలు రాసిచ్చిన. ఏ గీత పెద్దగ ఉంటదో మాత్రం చెప్పలే. వాడు సుత 0.44 అన్నడు."

నువ్వేమన్నావని అడిగాను.

"ఏమనలే సార్. మూడు రోజులైతాంది. ఇయ్యాల సాయంత్రం ఆఫీసు అయినంక వాళ్ళింటికి పోయి పక్కన కూసుంట."